చావని మంత్రగాడిని ఎట్ల చంపాలె? (25 నిమిషాల షార్ట్ ఫిల్మ్)

హనుమకొండ_టాకీస్:

అందరికీ నమస్తే. పరకాల దిక్కు ఒక పాడువడ్డ గడిల (పాతకాలపు దొరల కోటలాంటి ఇల్లు) షార్ట్ ఫిల్మ్ తీస్తున్నం. నాలుగు రోజుల షూటింగు, ఆరుగురు మనుషులు, ఖర్చు 60 వేలు దాటొద్దు. గడిని పట్టుకొని ఉన్న ఒక మంత్రగాడు, ఎంత కొట్టినా సావడు. మొదటిసారి తూటా తగుల్తది, లేస్తడు. రెండోసారి మంట పెడ్తరు, లేస్తడు. మూడోసారి దిగుడుబాయిల తోస్తరు, మల్ల లేస్తడు. ఆఖరికి హీరోయిన్ చంపుతది. ఎట్ల చంపుతదన్నదే ఇంకా రాయలే.

నా అనుమానాలు ఇవి. ఎన్నిసార్లు లేస్తే భయం, ఎన్నోసారి నుంచి నవ్వులాట? హీరోయిన్‌కు కూడ ఒక తూటా తగిలి, ఆ దెబ్బతోనే గడి మెట్లన్నీ ఎక్కాలె, నమ్మేటట్టు ఉంటదా? మంత్రగాడు తూటా తగిలి గాల్ల ఎగిరి పడుడు తాడు లేకుంట తీయొచ్చా? తెలిసినోళ్లు చెప్పున్రి. "సినిమాల లాజిక్ ఎందుకు తమ్మీ" అనేటోళ్లు జర పక్కకు జరగున్రి.

మంథని_వ్యాసపీఠం:

ముందుగాల మంత్రగాడి వరం రాసుకో తమ్మీ, స్క్రీన్‌ప్లే తర్వాత. మన పురాణాల్ల చావనోళ్లంతా ఒక దస్తావేజు మీద బతికినోళ్లే. అందుల ఏం రాసి ఉన్నదో చూసేటోనికి ముందే తెలుస్తది. ఆఖర్న ఆ కాగితాన్ని ఎవరూ చింపరు. రాసినోడు మరిచిపోయిన సందుల నుంచి లోపలికి పోతరు.

హిరణ్యకశిపుడిది తీసుకో. (ఈ కథను తెలుగు చేసిన పోతన మన బమ్మెర మనిషే, పాలకుర్తి పక్కన.) పగలు గాని రాత్రి గాని, ఇంట్ల గాని బయట గాని, నేల మీద గాని ఆకాశంల గాని, మనిషి చేత గాని మృగం చేత గాని, ఆయుధంతో గాని చావు రావద్దన్నడు. ఇన్ని తలుపులు గడియ పెట్టుకున్నడు. నరసింహుడు ఒక్క తలుపు కూడ పగలగొట్టలేదు. పొద్దుగూకే వేళ, గడప మీద, తొడ మీద వేసుకొని, సగం మనిషి సగం సింహమై, గోళ్లతో చంపిండు. ఇందుల ఒక్కటి తప్పినా చూసేటోడు మోసం అంటడు. గమనించినవా, కడుపు చీల్చుడు అసలు సీను కాదు. గడప మీద కూచునుడు, తొడ మీదికి లాక్కొనుడు, అదే సీను. నీ కెమెరా అక్కడ ఆగాలె.

రావణుడి సందు వేరే తీరుది. దేవతలు, గంధర్వులు, యక్షులు, నాగులు, రాక్షసులు అని అందరి పేర్లు రాయించుకున్నడు. మనుషులను లెక్క చేయలే. అంటే ఆ సందు అతని పొగరు లోపలి నుంచే పుట్టింది. గడి అంటున్నవు కాబట్టి నీకు ఇదే సరిపోతది. వెట్టి చేసేటోళ్లను మనుషుల లెక్కల పెట్టని దొరలాంటి మంత్రగాడైతే, వరం అడిగేటప్పుడు వాళ్ల ముచ్చటే నోటికి రాదు. హీరోయిన్ ఆ ఇంటి వెట్టిమనిషి మనుమరాలైతే చాలు, మంత్రాలు తంత్రాలు ఏమొద్దు. (బొడ్డుల అమృతం సంగతి వాల్మీకిల లేదు, అక్కడ బ్రహ్మాస్త్రం గుండెను చీల్చింది. నరికిన తలలు మల్ల మొలిచిన ముచ్చట మాత్రం వాల్మీకిలనే ఉన్నది.)

ఇంకో రకం ఉన్నది. వీళ్లను చంపుడు సులువే, చంపినంక ఏంచేయాలన్నదే కష్టం. రక్తబీజుడి రక్తపు చుక్క నేల మీద పడ్డచోటల్లా ఇంకొకడు లేస్తడు, అందుకే కాళి చుక్క కిందపడకుంట నాలుక చాపి తాగింది. జరాసంధుడు రెండు ముక్కలుగ పుట్టి అతుక్కున్నోడు. చీరితే మల్ల అతుక్కుంటున్నడని కృష్ణుడు గడ్డిపోచను చీరి అటుది ఇటు, ఇటుది అటు వేసి సైగ చేసిండని మన దగ్గర చెప్పుకుంటరు. ఖర్చు తక్కువ పెట్టి తీసేటోనికి ఈ రకమే మేలు. గ్రాఫిక్స్ అక్కర లేదు, గడ్డిపోచ చాలు.

రాసేటప్పుడు మూడు షరతులకు మించొద్దు, 25 నిమిషాలు అంతకన్న ఎక్కువ మోయదు. మొదటి నాలుగు నిమిషాలల్ల ఒకసారి నోటితో చెప్పించు. 12వ నిమిషం లోపట ఒకసారి కండ్లకు చూపించు. 20 దాటినంక కొత్త షరతు పుట్టిందా, మంత్రగాని కంటే ముందు సినిమా సస్తది. ఇంకొకటి, చంపేటోళ్లకు కూడ ఏదన్న ఖర్చు కావాలె. 2009 నాటి 'అరుంధతి'ల పశుపతిని చంపితే ప్రేతాత్మై ఇంకింత బలుస్తడని ప్రాణంతోనే సమాధి కడ్తరు. వాణ్ని చంపే ఆయుధం జేజెమ్మ ఎముకలతోనే చేయాలె, అంటే ముందు ఆమె పోవాలె. ఆ లెక్క వల్లనే ఆఖరి పోటుకు బరువొచ్చింది.

నైట్_డ్యూటీ:

హీరోయిన్ తూటా సంగతి నేను చెప్తాను. నమ్మేటట్టు ఉండాలంటే తూటా ఎక్కడ తగిలిందో ముందు తేల్చుకోవాలి.

సినిమావాళ్లకు భుజం అంటే చాలా ఇష్టం, ఏం కాదని. నిజానికి కాలర్ ఎముక కింద నుంచి చేతికి పోయే పెద్ద రక్తనాళం, నరాల కట్ట రెండూ అక్కడే ఉంటాయి. అక్కడ తగిలితే ఆ చెయ్యి లేవదు. అదే చేతితో కత్తి పట్టిందా, అయిపోయింది. తొడ కూడా అంతే, తొడలోని పెద్ద ధమని తెగితే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. మెట్లెక్కాలి కాబట్టి కాళ్లు వద్దు. పొట్ట పక్క భాగంలో తగిలినట్టు పెట్టండి. పేగులకు తగిలిన దెబ్బతో మనిషి గంటలు బతకవచ్చు, నడవనూ వచ్చు, కానీ నిటారుగా నిలబడలేదు. వంగి, ఆ పక్క మోచేతిని ఒత్తిపట్టి నడవాలి.

రక్తం లెక్క: 70 కిలోల మనిషిలో సుమారు 5 లీటర్లు. 50 కిలోల అమ్మాయిలో మూడున్నర లీటర్ల దాకా. అందులో 15 శాతం లోపు పోతే బయటికి పెద్దగా ఏమీ కనపడదు. 15 నుంచి 30 శాతం మధ్య నాడి నిమిషానికి 100 దాటుతుంది, దాహం, కంగారు. 30 దాటితే నాడి 120 పైన, బీపీ పడిపోతుంది, చల్లటి చెమట, మాట తడబాటు. 40 దాటితే ఇక మెట్లు కాదు, స్ట్రెచర్. కాబట్టి మీ అమ్మాయికి మెట్ల కింద 10 శాతం, మెట్ల పైన 25 శాతం అనుకొని నటన ఇప్పించండి. కింద ఉన్నప్పుడు కోపం, మధ్యలో పెదాలు తడుపుకోవడం, పైన ముఖం పాలిపోవడం. ఇవన్నీ మేకప్ మనిషికి కూడా చెప్పాలి. ముఖానికి రక్తం పూసి పెదాలు ఎర్రగా వదిలేస్తారు, అక్కడే దొరికిపోతారు.

డైలాగ్ ఉంటే మూడు నాలుగు మాటలకు ఒకసారి ఊపిరి తీసుకోవాలి. ఛాతీలో తూటా దిగినవాడు ఒక పేజీ డైలాగ్ చెప్పడం అసాధ్యం, ఊపిరితిత్తికి, ఛాతీ గోడకు మధ్య గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది.

మంత్రగాడికి గుండెలోనే తూటా కావాలంటే మీకు ఒక వెసులుబాటుంది. గుండె ఆగినా మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో 10, 15 సెకన్ల దాకా స్పృహ ఉండవచ్చు. తూటా తగిలిన వెంటనే కూలకుండా పది సెకన్లు నిలబడి చూడనివ్వండి. అది మామూలు మనిషికీ జరిగేదే, కానీ తెర మీద భయంకరంగా ఉంటుంది. పదకొండో సెకన్లో కూడా నిలబడే ఉన్నాడంటే అప్పుడు మంత్రగాడని తెలుస్తుంది.

దిగిన కత్తిని హీరో సర్రున పీకి పారేసే షాట్ పెట్టకండి. లోపల ఉన్నంతసేపు ఆ కత్తే కొంత రక్తాన్ని అదిమి ఉంచుతుంది. పీకితే చావు దగ్గరపడుతుంది.

కాజీపేట_రోప్‌షాట్:

ఎగిరిపడుడు గురించి. తూటాతోని మనిషి ఎగరడు, లెక్క వేసి చూడు. 9 ఎంఎం తూటా 8 గ్రాములు, సెకనుకు 360 మీటర్ల వేగం. గుణిస్తే 3 కూడ రాదు. అది 70 కిలోల మనిషిని వెనక్కి నెట్టే వేగం సెకనుకు 4 సెంటీమీటర్లు. ఏకే 47 అయినా 8 సెంటీమీటర్లే. సినిమాల ఎగిరే తీరుకు సెకనుకు 4 మీటర్లు కావాలె. నూరు రెట్ల తేడా. ఆ నూరు రెట్లు ఫైట్ మాస్టర్ తాడు గుంజి పెడ్తడు.

తాడుతో చేయాలంటే బట్టల లోపల పూర్తి హార్నెస్ (ఒంటికి కట్టే పట్టీలు), గుంజే కొక్కెం భుజాల మధ్య వెన్ను మీద. నడుం బెల్టుకు తగిలించి గుంజితే నడుం విరుగుతది. కదిలే కప్పీని తిరగేసి కట్టి, మనుషులు మీటరు గుంజితే నటుడు రెండు మీటర్లు పోయేటట్టు చేస్తరు. వేగం రెండింతలు, గుంజే బరువు కూడ రెండింతలు, అందుకే నలుగురు కావాలె. పడేచోట మూతలు తెరిచిన ఖాళీ అట్టపెట్టెలు రెండు వరసలు, మీద పరుపు. తాడు ముచ్చట తెలిసిన మాస్టర్ లేకుంటే ఇదంతా చేయకు. 60 వేలల్ల మాస్టర్ రాడు, వచ్చినా మిగిలిన సినిమాకు పైసలుండయి.

తాడు లేకుంట చేసేది చెప్త. కెమెరా నేలకు జానెడు ఎత్తుల పెట్టు. నటుడు రెండడుగులు తనే వెనక్కి తూలి, ఫ్రేము బయట ఉన్న పరుపు మీద పడాలె. ఎడిటింగ్‌ల 110 శాతం వేగం పెట్టు, 120 దాటితే చార్లీ చాప్లిన్ అయితడు. వెనక గోడకు ఆనిచ్చిన కుండలు గాని, కట్టె పేళ్లు గాని పడేటట్టు చేస్తే దెబ్బ బరువు అవే చెప్తయి.

తూటా గాయానికి మందుగుండు పెట్టకు, దానికి లైసెన్సు ఉన్నోళ్లు కావాలె. 60 ఎంఎల్ సిరంజి, 4 ఎంఎం సన్న పైపు రెండు మీటర్లు చాలు. అంగీకి లోపలి నుంచి బ్లేడుతోని ఇంటూ గుర్తు ఆకారంల అర సెంటీమీటరు కోయి. ఆ చుట్టు బట్టను గరుకు కాగితంతో రుద్ది పలచ చెయ్, కోసినచోట సబ్బు రుద్ది మూయి. పైపు మూతి సరిగ్గ దానికెదురుగ ఒంటికి టేపు వేసి, పైపు ప్యాంటు లోపల నుంచి దించు. "యాక్షన్" అన్నంక పక్కనున్నోడు 20 ఎంఎల్ అర సెకండ్ల నొక్కాలె. చెడిపోయేది రెండుచోట్ల: పైపుల గాలి మిగిలితే గాయం తుప్పున ఉమ్మేసినట్టు బుడగలొస్తయి, టేకుకు ముందు పైపు నిండేదాక నొక్కి చూసుకో. రక్తం చిక్కగుంటే పైపుల్నే ఆగుతది. ఒకే తీరు అంగీలు కనీసం మూడు కొను.

రక్తం ఇంట్ల చేసుడు: బేకరీ సామాన్ల దుకాణంల లిక్విడ్ గ్లూకోజ్ దొరుకుతది. 700 గ్రాములకు పావు లీటరు వేడినీళ్లు, ఎర్ర ఫుడ్ కలర్ రెండు చెంచాలు, కోకో పొడి చెంచన్నర, నీలం రంగు సూది మొన మీద నిలిచేంత. కోకో లేకుంటే ఫోన్ కెమెరాల రూహ్ అఫ్జా లెక్క గులాబీ రంగు కొడ్తది. సిరంజికి పోసేది ఇంకింత నీళ్లతో పలచ చెయ్, నోట్ల నుంచి కారేదానికి చిక్కగనే ఉంచు. ఎండల పెడితే చీమలు, ఈగలు మూగుతయి. గడి గోడ సున్నం మీద పడితే పోదు, ముందుగాల పాలిథిన్ పరువు.

భూపాలపల్లి_మూడోషిఫ్ట్:

ఎన్నిసార్లు లేవొచ్చని అడిగినవు. 1991ల 'టెర్మినేటర్ 2' చివరి అరగంట ఒక్కసారి కాగితం పెన్ను పట్టుకొని చూడు. అందుల విలన్ టీ-1000 ద్రవలోహపు మనిషి. ట్యాంకరు పగిలి ద్రవ నైట్రోజన్‌ల తడిసి గడ్డకట్టి పెళుసైతడు, ఒక్క తూటాకు ముక్కలు ముక్కలైతడు. ఆ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల సరుకు. చూసేటోడు అయిపోయిందనుకుంటడు. కాని అది ఉక్కు ఫ్యాక్టరీ, పక్కనే కొలిమి. ఆ వేడికి ముక్కలు కరిగి, పాదరసం లెక్క ఒకదానికొకటి పాకి కలుస్తయి. లేచిన కారణం లేచే షాట్‌లనే ఉన్నది. అదే వేడి ఇంకింత ఎక్కువైతే ఏమైతదో తర్వాత కరిగిన ఉక్కు తొట్టిల చూపెట్టిండు. బతికించినదే చంపింది.

నీ మూడుసార్లకు గిదే లెక్క పెట్టు. మొదటిసారి లేస్తే ఆశ్చర్యం, కారణం చెప్పకు. రెండోసారి ఎట్ల లేచిండో చూపెట్టు. మూడోసారి ఆ కారణాన్ని హీరోయిన్ అడ్డుకోవాలని చూసి తప్పాలె. నాలుగోసారి తప్పదు. లేచిన ప్రతిసారి కొత్త ముచ్చట తెలియకపోతే రెండోసారికే నవ్వుతరు.

ఇంకొకటి, ప్రతిసారి ఏదో ఒకటి పోవాలె. తూటాకు ఒక కన్ను, మంటకు గొంతు, బాయికి నడక. చావడు గాని తరుగుతడు. కొత్త అంగీ వేసుకొని ఎప్పటోలె లేసేటోడు టీవీ సీరియల్ల ఉంటడు.

తాడ్వాయి_దారి:

వ్యాసపీఠం అన్న చెప్పినయన్నీ మంచియే గాని, షరతుల మీద షరతులు రాస్తే సినిమా లెక్కల పరీక్ష అయితది. మన ఊర్ల ముసలమ్మలకు అంత కష్టం లేదు. మాయల ఫకీరు ప్రాణం చిలకల ఉన్నది, చిలక ఏడు సముద్రాల అవతల ఉన్నది. ఒకే ఒక్క షరతు. బాలనాగమ్మ కథల ఫకీరుతోని కొట్లాడేది తక్కువ, ఆమె కొడుకు బాలవర్ధి ఆ చిలకను తేవడానికి పోవుడే కథ. చిలక రెక్క విరిస్తే ఇక్కడ ఫకీరు చెయ్యి పడిపోతది. అంటే మంత్రగాన్ని ముట్టకుంటనే ఒక్కో అవయవం తీస్తున్నట్టు. ఒక గదిల చిలక, ఇంకో గదిల మంత్రగాడు, రెండింటి నడుమ కట్ చేసుకుంట పోతే ఎంత ఖర్చు? గ్రాఫిక్స్ గుండుసున్న. నిజం చిలకను మాత్రం తేవద్దు, రామచిలకను పంజరంల పెట్టుడే నేరం. కట్టె బొమ్మ చాలు, నిర్మల్ బొమ్మైతే ఇంకా మంచిది. దొర గడిల అసొంటి బొమ్మ ఉంటే ఎవరికీ అనుమానం రాదు.

ఆ ఒక్క షరతు ఎవరు చెప్పాలంటవా, ఒగ్గుకథ తీరు వాడుకో. కథ చెప్పేటాయనకు పక్కన వంత ఉంటడు, చూసేటోళ్ల మనసుల ఉన్న ప్రశ్న ఆయననే అడుగుతడు. "మరి ఆని పానం యాడున్నదే?" అని వంత అడిగిండంటే జవాబు ఉపన్యాసం లెక్క ఉండది.

హీరోయిన్ ఆఖరికి ఏమైతదో రాయలేదు నువ్వు. మేడారం ముచ్చట యాదికి తెచ్చుకో. కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం వస్తే సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగ వాగుల పడి ప్రాణం ఇచ్చిండు, గదే ఇయ్యాల జంపన్న వాగు. సమ్మక్కను ఎదురుంగ ఎవరూ కొట్టలేకపోయిన్రు, ఎనుక నుంచి బల్లెంతోని పొడిచిన్రు. ఆ గాయంతోనే చిలకలగుట్ట దిక్కు నడుసుకుంట పోయింది, మలుపు తిరిగినంక కనవడలే. ఎతికినోళ్లకు నాగవృక్షం కింద పుట్ట దగ్గర కుంకుమ భరిణ దొరికింది. రెండేండ్లకోసారి గుట్ట నుంచి తెచ్చేది ఆ భరిణనే. చూడు, ఆమె సచ్చిందని కథ ఎక్కడా అనదు, శవం లేదు. విలన్ సావకుంటే మందికి కోపమొస్తది, ఆడబిడ్డ సావకుంట మాయమైతే మొక్కుతరు. తల్లి కథను ఉన్నదున్నట్టు దించకు, అది వాడుకునే సరుకు కాదు. మలుపు తిరుగుడు, ఆడ ఒక వస్తువు మిగులుడు, ఆ పద్ధతి వరకు నేర్చుకో.

హనుమకొండ_టాకీస్:

అందరికీ దండాలు. వరం సందు, చిలక రెండూ కలుపుత: వెట్టోళ్ల పేరు వరంల లేదు, ప్రాణం బొమ్మల ఉన్నది, ఆ బొమ్మను రోజూ తుడిచేది హీరోయిన్ నాయనమ్మ. రెండే షరతులు. మంట, దిగుడుబాయి ఎట్ల తీయాలెనో ఎవరన్న చెప్తే స్క్రిప్టు లాక్ చేస్త. బాయిల నీళ్లు పైనుంచి 10 మీటర్ల లోతున ఉన్నయి.

కాజీపేట_రోప్‌షాట్:

మనిషికి మంట అంటించేది లేదు, జెల్లు గిల్లు అని యూట్యూబ్ చూసి దిగకు. కెమెరాకు రెండు మీటర్ల ముందట ఇనుప తట్టల కిరోసిన్‌ల తడిపిన గోనెసంచి ముక్కలు కాల్చు. నటుడు దానికి ఇంకో మూడు మీటర్ల అవతల. 85 ఎంఎం లెన్సు పెడితే మంట, మనిషి అతుక్కున్నట్టే కనవడ్తయి. పెట్రోలు వద్దే వద్దు, దాని ఆవిరి అగ్గిపుల్లకు ముందే భగ్గుమంటది. నైలాన్, పాలిస్టర్ బట్టలు ఎవరి ఒంటి మీద ఉండొద్దు, కరిగి చర్మానికి అంటుకుంటయి. తడి గోనెలు నాలుగు, ఇసుక బకెట్లు రెండు, మంటలార్పే 6 కిలోల పౌడర్ సిలిండర్ ఒకటి, దాన్ని పట్టుకునేటోనికి ఆ పూట వేరే పని చెప్పకు.

బాయికి గడ్డి బొమ్మ. ఉత్త గడ్డైతే గాల్ల ఊగుకుంట పోయి నీళ్ల మీద తేలుతది, అంత దూరం నుంచే బొమ్మని తెలుస్తది. నడుముల, తొడలల్ల ఇసుక మూటలు పెట్టి 25, 30 కిలోలు చెయ్. కీళ్ల దగ్గర గుడ్డతోనే ముడెయ్, చేతులు వాటంతటవి తిరగాలె. 10 మీటర్లు పడడానికి 1.4 సెకన్లు, అంటే సెకనుకు 24 చొప్పున 34 ఫ్రేములు. నీళ్ల చప్పుడు అంతకన్న ముందు వచ్చినా ఆలస్యమైనా చెవి పట్టేస్తది. బొమ్మకు తాడు కట్టి విసురు, లేకుంటే రెండో టేకుకు బొమ్మ ఉండది. మెట్ల మీద నాచు ఉంటది, షూటింగుకు ముందురోజే గీకించు.

నైట్_డ్యూటీ:

బావిలో నుంచి లేచేటప్పుడు నీళ్లు కక్కించకండి. మునిగి బతికినవాడు దగ్గుతాడు, ఊపిరికి కొట్టుకుంటాడు. ఊపిరే అక్కర లేనివాడు అసలు దగ్గడు. నోరు మూసుకొని, ముక్కులోంచి నీళ్లు కారుతూ మెట్లెక్కి రానివ్వండి.

భూపాలపల్లి_మూడోషిఫ్ట్:

ఆ దగ్గకపోవుడు సూపర్ ఉన్నది. నడక మాత్రం తగ్గించుడు మర్చిపోకు, ఒక కాలు ఈడ్చుకుంట ఎక్కాలె.

తాడ్వాయి_దారి:

బొమ్మ పగిలేటిది నాయనమ్మ తుడిచే గుడ్డలనే పగలాలె. నిర్మల్ బొమ్మ పొనికి కర్రతోని చేస్తరు, తేలికది, చేతితోనే విరుగుతది. రెండు కొను, ఒకటి విరుసుటానికి.